బుధవారం గుడ్డు

డబ్బా మూత సరిగ్గా బిగించిందో లేదో ఈ అజోవా, బిగించానులే పెద్దమ్మా అంది గానీ అది బిగించానన్నది ఎప్పుడు బిగిసింది కనుక, పోయినేడు ఇలాగే బెంచీ కింద నూనె కారి మా ముందు వరసలో ఉన్న సంఘ పెద్ద అన్సా గారి భార్య తెల్లబట్టల అంచంతా ఎర్రగా తిరిగిపోయింది, ఆవిడ పైకి ఒక్క మాట అనలేదు, అనకపోవడమే ఏడాది పొడుగునా నా వెనకాల తిరిగింది, కాలి బొటనవేలితో తడిమి చూశాను, నేల పొడిగానే ఉంది, దేవుడికి స్తోత్రం, ముందు ఆదివారం వాళ్ళు ఊగుతున్నారు, యువజనుల బ్యాండు బాకాలు ఊదే ఊపుకి పైన రేకులు అదురుతున్నాయి, ఆదివారం పుట్టినవాళ్ళు ఎప్పుడూ ఇంతే, పుట్టిన వారాల వరసలో అందరికంటే ముందు పిలుస్తారని వచ్చిన మిడిసిపాటు, తెల్ల చేతిరుమాళ్ళు గాల్లో తిప్పుకుంటూ ఒక అడుగు ముందుకి, రెండు అడుగులు పక్కకి, కానుకల బల్ల చేరడానికే పావుగంట, ఈ లెక్కన సోమవారం, మంగళవారం, బుధవారం అయ్యి గురువారం వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, దాటనీ, నాకేం తొందర, ఈ ఏడాదికి గురువారం రాకుండా శుక్రవారానికి దూకేసినా బాగుండు, అనుకున్నాను, అనుకుని నాలిక కరుచుకున్నాను, కోత పండుగ నాడు చర్చిలో కూర్చుని అనుకోవలసిన మాటేనా ఇది.

మోకాలు సలుపుతోంది, కుడిది, ఆ డబ్బా నెత్తిన పెట్టుకుని ఈ నడవలో బల్ల దాకా ఎగురుతూ వెళ్ళడం ఇక నావల్ల కాదని పోయినేడే తెలిసిపోయింది, అందుకే ఈ ఏడు అందరి ముందూ చెప్పాలి, నా తరవాత ఎవరో, ఏడు చెట్లు ఎవరి చేతికో, ఊరి మలుపులో ఎర్రమట్టి గట్టు మీద ఏడు పామాయిల్ చెట్లు, గురువారం చెట్లంటారు వాటిని, మా తాతమ్మ నాటింది, అప్పటికి చర్చికి ఆకుల కప్పేనట, దీపానికి నూనె లేక సాయంత్రం ప్రార్థన ఆపేస్తున్నారని విని తన వంతు నేలలో ఏడు మొక్కలు పెట్టి, వీటి మొదటి నూనె దేవుడిది, నా తరవాత నా ఇంటి ఆడపిల్లలది ఆ పని అందట, తాతమ్మ పుట్టింది గురువారం, గురువారం పుట్టిన ఆడదాని పేరు యా, ఆమె కూతురు మా అమ్మమ్మ అసాబియా, ఆవిడా గురువారమే, యా అసాబియా, మా అమ్మ మంగళవారం పుట్టి అబెనా అయింది కాబట్టి ఆవిడ చేతికి రాలేదు, ఆవిణ్ణి దాటి నాకొచ్చింది, నేను యా ఒటుబియాని కదా, గురువారం మనిషిని కదా, ఎవరు పెట్టారో మరి ఈ నియమం, తాతమ్మ మాత్రం పెట్టలేదు, రెండు తరాలు వరసగా గురువారం పడేసరికి అదే శాసనమై కూర్చుంది, మా అమ్మ మేనమామ, అంటే అమ్మమ్మ అన్న, మేమూ మేనమామనే పిలిచేవాళ్ళం, ఆయనైతే ప్రతి పండక్కీ కల్లు రెండు చిప్పలు పడగానే అరిచేవాడు, ఈ ఇంట్లో గురువారం ఆడది ఉన్నంత కాలమే ఆ చెట్లు, లేనినాడు గొడ్డలేసి కోకో నాటుతా, చూసుకోండి, అని, అమ్మమ్మ వింటూ నూనె కోసం పీచు పిండుకునేది, మేనమామ పోయాడు, ఆయన గొడ్డలి మాత్రం మా చెల్లెలి కొడుకు, ఈ అజోవా అన్న, క్వాబెనా నోట్లోకి వచ్చింది, వాడికి కోకో అక్కర్లేదు, రోడ్డు పక్కన నాలుగు కొట్లు కావాలి, ఒకటి సెల్‌ఫోన్లకి, ఒకటి సిమెంటుకి.

చెడ్డవాడేం కాదు క్వాబెనా, మొన్న కూడా నాకు మోకాలికి తైలం తెచ్చి తనే రాశాడు, రాస్తూనే, పెద్దమ్మా, నేనేమన్నా ఆ చెట్ల మీద పగబట్టానా చెప్పు, రూలు పెట్టింది మీరు, గురువారం మనిషిని చూపించండి, నోరు మూసుకుని రోడ్డుకి అవతలే కట్టుకుంటా, చూపించలేరా, నీ మోకాళ్ళతో పాటు ఆ చెట్లకీ రిటైర్‌మెంటు ఇచ్చేద్దాం, ముసలాళ్ళని నిలబెట్టి పని చేయించడం పాపం, అన్నాడు, నవ్వొచ్చింది నాకు, నవ్వాక ఏడుపొచ్చింది, ఎందుకంటే వాడి మాటలో తప్పు లేదు, రూలు మాదే, నా తరవాత మా ఇంట్లో గురువారం పుట్టిన ఆడపిల్ల ఒక్కతంటే ఒక్కతి లేదు, అజోవా కడుపుతో ఉన్నప్పుడు ఎంత ఆశపడ్డాం, బుధవారం నొప్పులు మొదలైతే ఆసుపత్రి వరండాలో ఇంటిల్లిపాదీ కూర్చుని రేపటి దాకా ఆగు తల్లీ, ఆగు తల్లీ, అని ప్రార్థనలు, రేపొచ్చింది, రేపు పోయింది, పిల్ల రాలేదు, శుక్రవారం తెల్లారి వచ్చింది, అఫువా అయి కూర్చుంది, అజోవా మంచమ్మీంచి నా మొహం చూసి, నన్నేం చెయ్యమంటావ్ పెద్దమ్మా, ఆపమన్నారు, ఆపా, ఆపడం కాస్త ఎక్కువైంది, అని ఏడుస్తూ నవ్వింది.

ఆదివారం వాళ్ళు అయ్యారు, మైకు పట్టుకున్న అన్సా గారు సోమవారం, సోమవారం, నిద్ర లేచారా, వారం మొదలైంది, పనిలోకి రండి, అంటున్నారు, నా పక్కన అజోవా లేచింది, సోమవారం పిల్ల, చేతిరుమాలు తీసింది, పెద్దమ్మా, నా చెప్పులు చూస్తుండు, ఎవరన్నా తొక్కేస్తారు, అని వట్టి కాళ్ళతో పోయింది, దాని నడుమూ దాని అడుగూ, ఎవరు నేర్పారో, మిషను మీద కూర్చుని పొద్దస్తమానం జాకెట్లు కుట్టే మనిషి అలా ఆడుతుందని ఎవరనుకుంటారు, దాని అరచేతులు చూస్తే మాత్రం తెలుస్తుంది, సూది పోట్లు కొన్ని, గెల ముళ్ళ గాట్లు ఇంకొన్ని, ఎనిమిదేళ్ళ నుంచి నాతో పాటు గెలలు దింపించేది అదే, కాయలు రాల్చేది అదే, పీపాలో ఉడకబెట్టి, రోట్లో పోసి, నాకంటే పొడుగున్న రోకలి పట్టుకుని దంచేది అదే, నేను ముక్కాలి పీట మీద కూర్చుని పీచు పిండుతూ, ఇంకొంచెం, ఇంకొంచెం, అంటూ ఉంటాను, నువ్వు ఇంకొంచెం అన్నన్నిసార్లు నేను స్తోత్రం అనుంటే ఈపాటికి పరలోకంలో నా పేరు మీద మేడ లేచుండేది పెద్దమ్మా, అంటుంది, ఒకసారి వానలో రెండో చెట్టు పడిపోతే నేను గట్టు మీద కూలబడి ఏడుస్తుంటే అది ఆ చెట్టు కాయలే ఏరి, గింజ మొలకెత్తించి, మూడేళ్ళ మొక్క చేసి అక్కడే పెట్టింది, నాకు చెప్పకుండా, ఒక రోజు చూద్దును కదా ఆరే ఉండవలసిన చోట ఏడు ఉన్నాయి, ఇంత చేసినదానికి నేనేమన్నాను, నువ్వు గురువారం పుట్టుంటే ఎంత బాగుండేదే, అన్నాను, ఛీ, నా నోరు పడ.

గంపలో పెండలాలు పక్కకి జరిగి గుడ్ల మీద పడేలా ఉన్నాయి, వంగి సర్దాను, మోకాలు కలుక్కుమంది, పన్నెండు గుడ్లు, గడ్డి పరిచి పెట్టింది, ఇదీ అజోవా చేతి పనే, గుడ్డు వేలికి చల్లగా తగిలింది, అమ్మమ్మ గుర్తొచ్చింది, ఎప్పుడు గుడ్డు చేతికి తగిలినా అమ్మమ్మే గుర్తొస్తుంది, పెండలం ఉడకబెట్టి, ఎర్రనూనె పోసి మెత్తగా మెదిపి, మట్టి పళ్ళెంలో గుండ్రంగా పెట్టి మధ్యలో ఒలిచిన గుడ్డు, ఎవరు పుట్టిన వారం నాడు వాళ్ళకి పెడతారు మా ఇళ్ళల్లో, నీ ప్రాణం నీతో చల్లగా ఉండాలని, నాకు మాత్రం ఒక రోజు ముందే, బుధవారం పెట్టేది అమ్మమ్మ, తలుపు ఓరగా వేసి, ఎందుకమ్మమ్మా, నేను గురువారం కదా అంటే, గురువారం నాకు స్త్రీల సమాజం ఉంది, తీరుబడుండదు, తింటావా, కోడికే తిరిగి పెట్టెయ్యనా, అనేది, తినేదాన్ని, గుడ్డు వస్తున్నప్పుడు ఏ వారమైతేనేం, మా పిన్ని కూతురు ఆక్రోశంతో తలుపు సందులోంచి చూస్తూ, దీనికి రెండు గుడ్లు, ఇవాళొకటి, రేపొకటి, అని ఊరంతా చాటింది, రెండో గుడ్డు ఎప్పుడూ రాలేదు నాకు, అమ్మమ్మ చెయ్యి ఎర్రనూనె వాసన, ఆ వాసనతోనే నా తల నిమిరేది, ఆ జుట్టుతోనే నేను బడికి పోయేదాన్ని.

అజోవా వచ్చి కూలబడింది, చెమట, నవ్వు, చూశావా పెద్దమ్మా, ఎలా తొక్కానో, అంటోంది, చూశానే అన్నాను, సగమే చూశాను, అప్పుడే మంగళవారం పిలిచారు, క్వాబెనా లేచాడు, వాడి బట్ట కొత్తది, భుజం మీంచి జారుతుంటే ఎగదోసుకుంటూ నాకేసి చూసి కన్నుగీటాడు, వాడి కన్నుగీటులోనే ఉంది అడగవలసిన ప్రశ్నంతా, ఏం పెద్దమ్మా, దొరికిందా గురువారం మనిషి, దొరకలేదురా నాయనా, దొరక్కపోగా ఉన్నది కూడా పోయింది, ఆ సంగతి నీకు తెలీదు, ఎవరికీ తెలీదు, నాకూ లార్బీ మాస్టారుకీ తప్ప.

పోయిన మంగళవారం, వాన వెలిసి ఎండ కాసింది, పాస్టరయ్యగారి గది కారి పాత బాప్తిస్మాల పుస్తకాలు తడిస్తే వరండాలో పరిచి ఆరబెట్టారు, బడిలో పని మానేశాక లార్బీ మాస్టారు వాటిని కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాడు, నేను పండుగ పువ్వుల సంగతి అడగడానికి వెళ్ళాను, ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చెల్లెమ్మా, నీది దొరికింది, ఇటు రా, నువ్వు పుట్టింది ఎప్పుడో తెలుసా, అన్నాడు, తెలీకేం, గురువారం, తారీకు మాత్రం మీరే చెప్పాలి, ఓటు కార్డులో జూలై ఒకటి అని వేశారు, ఊళ్ళో సగం మంది జూలై ఒకటో తారీకునే పుట్టాం, అన్నాను, ఆయన నవ్వాడు, నవ్వి, గురువారం కాదమ్మా, బుధవారం అని ఉంది, నువ్వు అకువావి, యా కాదు, అన్నాడు, ఎవరిదో తమాషా విషయం చెప్పినట్టు, ఇంకా ఏదో ఉంది కింద, చదువుతానుండు, అంటూనే ఉన్నాడు, నేను అప్పటికే మెట్లు దిగిపోయాను, పువ్వుల సంగతి అడగనే లేదు, దారిలో ఎవరో యా అత్తా అని పిలిస్తే తిరిగి చూడలేదు, ఎవర్నో పిలుస్తున్నారనుకున్నాను.

మర్నాడు మాస్టారు ఆ రాత మొత్తం ఒక చీటీ మీద దింపి పంపించాడు, ఇదుగో, బట్ట కొసన ముడి వేసుకున్నాను, అయిదు రోజులు, విప్పలేదు, కళ్ళజోడు విరిగిందని నాకు నేను చెప్పుకున్నాను, విరిగింది నిజమే, ఊళ్ళో ఇంకో కళ్ళజోడు లేదా, చదవడానికి భయం, అంతే, నా అరవై ఆరేళ్ళలో నలభై పండుగలు గురువారం వాళ్ళతో నెత్తిన డబ్బా పెట్టుకుని వెళ్ళాను, అన్సా గారు అదిగో గురువారం తల్లి, దీపం నూనె తల్లి, అంటే జనం లేచి రుమాళ్ళు ఊపారు, అదంతా ఎవరిది, ఎవరి వంతు ఎవరు మోశారు, మేనమామని మోసం చేశామా, చేస్తే చేశాం, తాగుబోతు, ఆయన పోయాడు, దేవుణ్ణి చేశామా, అదీ నన్ను నిద్రపోనివ్వనిది, పుట్టగానే నా నోట్లో ఒక అబద్ధం పెట్టి, దాన్ని ప్రతి ఏడూ పండుగ నాడు ఆయన బల్ల మీద పెట్టించారా మా వాళ్ళు, అమ్మ చేసిందా, అమ్మే చేసుంటుంది, తను దాటిపోయిన పని కూతురికైనా రావాలని, అమ్మమ్మకి చెప్పకుండా, పాపం అమ్మమ్మ, నన్ను నిజంగా యా అనుకుని నా చేతికి రోకలి ఇచ్చింది, తెలిస్తే ఇచ్చేదా, తెలిసినా ఆ చెయ్యి నా తల నిమిరేదా, క్వాబెనాకి ఇది తెలిస్తే ఇవాళే గొడ్డలి, వాడు అడగనక్కర్లేదు కూడా, నేనే ఇచ్చెయ్యాలి, నలభై ఏళ్ళుగా గురువారం ఆడదే లేదు ఈ ఇంట్లో.

బుధవారం, బుధవారం, అన్సా గారి గొంతు, బుధవారం వాళ్ళు మొండివాళ్ళు, పిలిస్తే రారు, లాక్కురండి, జనం నవ్వుతున్నారు, నన్నే పిలిచినట్టుంది, నిజంగా నన్నే కదా, లేవాలా, కూర్చోవాలా, ఎక్కడికి లేస్తాను, ఏం పెట్టుకుని లేస్తాను, చెయ్యి దానంతట అదే ముడి మీదికి పోయింది, అయిదు రోజుల ముడి బిగుసుకుపోయి రావట్లేదు, అజోవా చూసి, ఏంటది పెద్దమ్మా, డబ్బులా, ఇటివ్వు, అని పంటితో లాగి విప్పింది, కుట్టుపని వాళ్ళకి పళ్ళే కత్తెర, చీటీ తీసి, ఇదేంటి, లార్బీ మాస్టారి రాతలా ఉంది, అంది, చదువే, అన్నాను, గట్టిగా చదువు, బ్యాండు మోగుతోంది, ఎవరికీ వినబడదు, నాకొక్కదానికే వినబడాలి.

అది నా చెవికి నోరు ఆనించి చదివింది, బడి పిల్ల పాఠం చదివినట్టు, ఒక్కో మాటా విడగొట్టి, బాప్తిస్మము పొందిన శిశువు దోర్కా, అది నా చర్చి పేరు, తల్లి అబెనా, ఈ శిశువు బుధవారమున జన్మించినది, అని చదివి ఆగి, పెద్దమ్మా, అంది, కళ్ళు ఇంతింత చేసుకుని, చదువే, అన్నాను, శిశువు యొక్క అమ్మమ్మ యా అసాబియా దేవుని బల్ల యెదుట ఒంటరిగా నిలిచి, ఈ బిడ్డ బుధవారమున జన్మించినదని నేనెరుగుదును, అయినను ఈమెను యా అని పిలువవలెను, నా యేడు చెట్లు ఈమె చేతికి రావలెను, మా అన్న ఒప్పుకొనడు గనుక ఆయనకు చెప్పవద్దు, దేవునికి తెలిసిన చాలును అని పలికినది, ఉపదేశి వ్రాసినది, అసాబియా వేలిముద్ర, అని చదివి, అజోవా చీటీని తిప్పి చూసింది, వెనకాల ఇంకేమన్నా ఉందేమోనని, ఏమీ లేదు, మాస్టారు వేలిముద్ర ఉన్న చోట పెన్సిలుతో ఒక చిన్న సున్నా చుట్టాడు, అంతే.

ఎరుగుదును, అందట, అమ్మమ్మే అందట, అమ్మ కాదు, అమ్మ పాపం ఏమీ చెయ్యలేదు, మంచం మీద పడి ఉండుంటుంది, చేసిందంతా ఈవిడే, నన్ను చంకనేసుకుని ఈ నడవలోంచే వెళ్ళి ఈ బల్ల ముందే నిలబడి నిజమంతా చెప్పి, రాయించి, నూనె అంటిన బొటనవేలు అద్దేసి, బయటికొచ్చి అన్నగారి చెవిలో మాత్రం గురువారం వేసింది, దేవుడి పుస్తకంలో నిజం, మేనమామ చెవిలో అబద్ధం, ఎంత లెక్కగా పంచింది, ఉపదేశీ నోరు మూసుకున్నాడు, పుస్తకం అరవై ఆరేళ్ళు బీరువాలో నోరు మూసుకుంది, నేను ఏ దొంగ పేరుతోనూ నిలబడలేదు ఆయన ముందు, ఆయనకి మొదటి రోజే చెప్పేశారు, నేను మోసిన ప్రతి డబ్బా ఆయనకి తెలిసే అందుకున్నాడు, అయిదు రోజుల నుంచి ఆగిన కన్నీళ్ళు వచ్చేశాయి, అజోవా కంగారుపడి, పెద్దమ్మా, అయ్యో, నీళ్ళు కావాలా, అంటోంది, వద్దే, గుడ్డు ఇలా ఇవ్వు, అన్నాను, గుడ్డా, ఆఁ, గుడ్డే, అమ్మమ్మ బుధవారం గుడ్డు, స్త్రీల సమాజమట, తీరుబడి లేదట, తలుపు ఓరగా వేసి నా ప్రాణానికి దాని వారం నాడే దాని ముద్ద పెట్టిందన్నమాట, ఒక్క బుధవారం కూడా తప్పకుండా, ఊరికంతా యానే గానీ ఆ తలుపు వెనకాల నేను అకువానే.

లేచాను, గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని, బుధవారం వాళ్ళ వరస చివర్లో, పచ్చి గుడ్డు, జారితే ఇంతే సంగతులు, ఒక అడుగు ముందుకి, రెండు పక్కకి, మోకాలు ఏమైందో ఏమో ఊరుకుంది, ముందు వెళ్తున్న మా పక్కింటి క్వాకు వెనక్కి చూసి, అత్తా, నీది రేపు, రేపు, అని అరిచాడు, జనమంతా గొల్లుమన్నారు, అన్సా గారు మైకులో, అమ్మా గురువారం తల్లీ, క్యాలెండరు ఇంట్లో మర్చిపోయారా, అన్నారు, లేదయ్యా, ఇవాళే దొరికింది, అన్నాను, ఆయనకి వినబడిందో లేదో, బల్ల మీద బుధవారం అని రాసి పెట్టిన కంచంలో గుడ్డు పెట్టాను, దొర్లిపోకుండా పక్కన రుమాలు మడిచి పెట్టాను, కిటికీ పక్కన పువ్వులు సర్దుతున్న లార్బీ మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను చూస్తున్నాడు, తల ఊపాను, ఆయనా ఊపాడు, అరవై ఆరేళ్ళకి మొదటిసారి నా వారం వాళ్ళతో నడిచి వెనక్కొచ్చి కూర్చున్నాను, ఒళ్ళంతా చెమట, హాయిగా ఉంది, చాలా హాయిగా ఉంది.

గురువారం, అంటున్నారు, అప్పుడే గురువారం వచ్చేసింది, బ్యాండు మా పాట ఎత్తుకుంది, ప్రతి ఏడూ డబ్బా కోసం ఎత్తుకునే పాట, జనం నా వైపు తిరిగారు, నేను లేవలేదు, అజోవా, లే, డబ్బా ఎత్తుకో, అన్నాను, డబ్బా ఎత్తి నీ నెత్తిన పెట్టాలా పెద్దమ్మా, అంది, నా నెత్తినెందుకే, నీ నెత్తిన పెట్టుకో, ఇక నుంచి నీదే, ఏడు చెట్లూ నీవే, అది నోరు తెరిచి, నేను సోమవారం, పెద్దమ్మా, నేను సోమవారం, అని రెండుసార్లు అంది, ఎవరో దొంగతనం అంటగట్టినట్టు, తెలుసే, నేను బుధవారం, పద, అన్నాను, చుట్ట చుట్టిన గుడ్డ దాని తల మీద నేనే పెట్టాను, వెనక బెంచీ వాళ్ళు చెయ్యి వేస్తే డబ్బా ఎక్కింది, మూత బిగిసే ఉంది, ఈసారి నిజంగానే బిగించింది పిల్ల.

క్వాబెనా వచ్చేశాడు, నడవలోకి అడ్డంగా, మొహంలో నవ్వు లేదు, పెద్దమ్మా, ఇదేంటి, అది సోమవారం కదా, మాటంటే మాటే కదా, రూలు పెట్టింది మీరే కదా, చీటీ వాడి చేతిలో పెట్టాను, వాడు చదివాడు, పెదాలు కదుపుతూ, మళ్ళీ మొదటి నుంచి చదివాడు, బ్యాండు మోగుతూనే ఉంది, అజోవా డబ్బాతో అక్కడే నిలబడిపోయింది, మెడ బిగించి, అన్న వైపు చూడకుండా, వాడు కాదంటే ఆ చెట్లు దాని చేతిలోంచి లాక్కోగలడు, ఇంటి మగవాళ్ళంతా వాడి వైపే ఉన్నారు, నాకు తెలుసు, వాడు చీటీ మీది పెన్సిలు సున్నాని వేలితో రాశాడు, అంటే ఈవిడ మొదటే రూలు తుంచేసిందా, అన్నాడు, ఎవరితోనో, అంటే అరవై ఆరేళ్ళుగా ఈ ఇల్లంతా లేని రూలుకి తల వంచిందా, తాగి తాగి అరిచి అరిచి మా తాత పోయాడా, అని, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు, ముసల్ది, అబ్బా, ఎంతటి ముసల్ది పెద్దమ్మా, అని, మరి నా కొట్ల సంగతో, అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ, రోడ్డుకి అవతల, అన్నాను, అవతలంతా రాయి, పగలగొట్టుకోవాలి, అన్నాడు, పగలగొట్టుకో, అన్నాను, వాడు నిట్టూర్చాడు, జారిన బట్ట ఎగదోసుకుని, ఏయ్ అజోవా, వంకరగా పెట్టుకున్నావ్, కారితే అన్సా గారావిడ చంపేస్తుంది, అని డబ్బాని సర్ది, దాని ముందు నడుస్తూ, జరగండి, జరగండి, గురువారం నూనె వస్తోంది, అని అరుచుకుంటూ పోయాడు.

అన్సా గారు మైకులో ఏదో అంటున్నారు, గురువారం వాళ్ళకి మనుషులు కరువయ్యారా, సోమవారం నుంచి చేబదులు తెచ్చుకున్నారా, అని, జనం నవ్వుతున్నారు, రుమాళ్ళు ఊపుతూనే నవ్వుతున్నారు, అజోవా మెడ ఊగట్లేదు, కాళ్ళు మాత్రం ఆడుతున్నాయి, ఒకటి ముందుకి, రెండు పక్కకి, అమ్మమ్మ అడుగే అది, అమ్మమ్మని అది చూడనే లేదు, నన్ను చూసి నేర్చుకుని ఉంటుంది, నేను అమ్మమ్మని చూసి నేర్చుకున్నాను, అమ్మమ్మ తాతమ్మని చూసుంటుంది, ఆకుల కప్పు కింద, దీపం వెలిగించక ముందు, దాని కాళ్ళ కింద చెప్పుల్లేవు, చెప్పులు ఇక్కడే నా పక్కన ఉన్నాయి, చూస్తుండమంది, చూస్తున్నాను, ఎవరూ తొక్కకుండా నా కాళ్ళ దగ్గరికి లాక్కున్నాను, ఎన్నిసార్లు అన్నాను దాంతో, గురువారం పుట్టుంటే ఎంత బాగుండేదే అని, అమ్మమ్మ నాతో ఒక్కసారి కూడా అనలేదు ఆ మాట, గురువారం పిల్ల కోసం ఎదురు చూసి విసిగిపోయి ఆఖరికి సరిపెట్టుకున్న మనిషిని కూడా కాను, నేను పుట్టిన వారానికే, ఇంకా కళ్ళు కూడా సరిగ్గా తెరవని బుధవారం పిల్లని, ఏ వారం పుట్టానో బాగా తెలిసి, తెలిసే ఏరుకుంది.